గాయానికీ మరణానికీ నడుమ

1999 మే, జూన్, జులై నెలల్లో కార్గిల్ కొండల మీద జరిగిన యుద్ధంలో భారత సైన్యం 527 మందిని కోల్పోయిందనీ, మరో 1363 మంది గాయపడ్డారనీ అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఏటా జులై 26న విజయ దివస్ జరిగేటప్పుడు మొదటి అంకెను అందరూ తలచుకుంటారు. రెండో అంకెను తలచుకునేవారు తక్కువ. అయితే ఈ రెండు లెక్కలనూ వేరుచేసే గీత పైకి కనిపించినంత స్పష్టమైనది కాదు. చనిపోయినవారి జాబితాలో చేరిన ఎందరో ముందు గాయపడినవారే, అంటే తూటా తగిలిన క్షణంలోనే కన్నుమూయకుండా కొన్ని నిమిషాలో కొన్ని గంటలో బతికి ఉండి, ఆ తర్వాత ప్రాణం విడిచినవారే. ఆ నడిమి కాలంలో సైనికుడి శరీరంలో ఏం జరుగుతుందో, అతను ఏం చేయగలడో, అతని కోసం తోటివారు ఏం చేయగలరో, ఏం చేయలేకపోతారో తెలియకుండా అతని మరణాన్ని గౌరవించడం సగం గౌరవమే అవుతుంది.

కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా, తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం కూడా వినిపించే ప్రాంతంలో ఉన్న డోంగ్లి 2022లో కొత్త మండలంగా ఏర్పడింది. కశ్మీరు కొండలకు ఈ నల్లరేగడి నేలలు ఎంత దూరమైనా, అక్కడి యుద్ధం ఇక్కడి ఊళ్లకు రానిదేమీ కాదు. 2020 నవంబరు 8న కుప్వారా జిల్లా మాచిల్ సెక్టార్‌లో నియంత్రణ రేఖ దాటి వస్తున్న ఉగ్రవాదులతో జరిగిన పోరులో ప్రాణాలు కోల్పోయిన 26 ఏళ్ల జవాను ర్యాడ మహేశ్‌ది నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలంలోని కోమన్‌పల్లి. కామారెడ్డి 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో భాగమే కనుక, డోంగ్లి వారికి ఆయన సొంత జిల్లా బిడ్డ. అదే పోరులో చిత్తూరు జిల్లాకు చెందిన హవల్దారు ప్రవీణ్ కుమార్ రెడ్డి, బిహార్‌కు చెందిన కెప్టెన్ అశుతోష్ కుమార్, సరిహద్దు భద్రతా దళానికి చెందిన కానిస్టేబుల్ సుదీప్ సర్కార్ కూడా చనిపోయారు. ఇటువంటి మరణం సంభవించినప్పుడు పత్రికల్లో ఊరి పేరు, వయసు, కుటుంబ వివరాలు, అంత్యక్రియల ఫొటోలు వస్తాయి. పోరు జరిగిన ఆ కొద్ది గంటల గురించి మాత్రం రెండు వాక్యాలకు మించి ఉండదు. అది విలేఖరుల లోపం కాదు. అక్కడ జరిగింది చూసినవారు చాలామటుకు తిరిగి చెప్పరు, చెప్పగలిగినవారు తిరిగి రారు.

అరుదుగా కొన్ని సందర్భాల్లో మాత్రం ఒక సైనికుడు గాయపడిన తర్వాత చేసిన పని అధికారిక పత్రాల్లో నిలిచిపోతుంది. హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్యకు మరణానంతరం ఇచ్చిన మహావీర చక్ర పురస్కారపు ప్రశస్తి అటువంటిది. ప్రశస్తి అంటే శౌర్య పురస్కారంతో పాటు ప్రభుత్వం ప్రకటించే, సదరు సైనికుడు ఏ పరిస్థితుల్లో ఏం చేశాడో తెలిపే చిన్న వివరణ. యుద్ధకాలపు సాహసానికి ఇచ్చే పురస్కారాల్లో పరమవీర చక్ర తర్వాతి స్థానం మహావీర చక్రది.

పద్మపాణి కుటుంబం మూలాలు ఒడిశావి, స్థిరపడింది హైదరాబాదులో. తండ్రి జగన్నాథ ఆచార్య వాయుసేనలో వింగ్ కమాండర్‌గా పదవీ విరమణ చేసినవారు. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేసి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, రాజపుతానా రైఫిల్స్ రెజిమెంటులోని రెండో బెటాలియన్‌లో అధికారిగా చేరారు. ఆ రెజిమెంటు జవాన్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా వంటి ఉత్తరాది ప్రాంతాల వారు. తన భాష కాని భాషలో, తన ఊరు కాని ఊళ్ల మనుషులతో కలిసి తిని, కలిసి నడిచి, చివరకు వారి ముందు నిలబడి కొండ ఎక్కవలసిన బాధ్యత ముప్ఫయ్యేళ్ల వయసులో ఆయన మీద పడింది.

కార్గిల్ యుద్ధపు స్వభావం తెలిస్తే ఆ బాధ్యత ఎంతటిదో అర్థమవుతుంది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే జాతీయ రహదారి ద్రాస్, కార్గిల్ పట్టణాల మీదుగా పోతుంది. లడఖ్‌లోని సైన్యానికి తిండిగింజల దగ్గర నుంచి మందుగుండు దాకా అందేది ప్రధానంగా ఆ దారినే. ఆ దారికి ఎగువన ఉన్న శిఖరాలను పాకిస్తాన్ సైనికులు రహస్యంగా ఆక్రమించుకొని, రాళ్లతో బంకర్లు కట్టుకొని, కింద కదిలే ప్రతి వాహనాన్నీ ఫిరంగి గుండ్లకు గురిచేయగల స్థితిలో కూర్చున్నారు. బంకర్ అంటే లోపలి మనిషికి రక్షణ ఇస్తూ, బయటికి తుపాకి గురిపెట్టడానికి సన్నని సందు మాత్రమే ఉంచి కట్టిన స్థావరం. పైనున్నవాడికి కొండే కోట. కిందినుంచి ఎక్కేవాడికి చెట్టు చాటు లేదు, పొద చాటు లేదు; పగలైతే ప్రతి అడుగూ కనిపిస్తుంది. అందుకే దాడులు దాదాపు అన్నీ రాత్రిపూటే జరిగాయి. ద్రాస్ ఎదుట ఉన్న తోలోలింగ్ కొండను జూన్ 13న స్వాధీనం చేసుకోవడంలో కీలక పాత్ర ఈ రెండో రాజపుతానా రైఫిల్స్‌దే. అప్పటికి వారాల తరబడి ఆ కొండ మీద పోరాడుతున్న 18వ గ్రెనేడియర్స్ ఎంతో నష్టపోయింది. యుద్ధం మలుపు తిరిగింది తోలోలింగ్ దగ్గరే.

తోలోలింగ్ గెలిచాక, తర్వాతి దాడికి ముందు దొరికిన కొద్ది రోజుల్లో పద్మపాణి తండ్రికి ఉత్తరం రాశారు. జూన్ 19 నాటి ఆ ఉత్తరం ఆ తర్వాత ప్రసిద్ధమైంది. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దనీ, అది ఈ వృత్తిలో ఉన్నదే అనీ, యుద్ధంలో పాల్గొనడం జీవితకాలపు గౌరవమనీ అందులో ఆయన ధైర్యం చెప్పారు. గర్భవతిగా ఉన్న భార్య చారులతకు రోజుకొక మహాభారత కథ చెప్పమని, అలా చేస్తే పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని తండ్రిని కోరారు. తల్లి గర్భంలో ఉండగానే పద్మవ్యూహంలోకి చొరబడే విధానం విన్న అభిమన్యుడి కథ తెలుగువారికి కొత్త కాదు కనుక ఆ కోరిక వెనుక ఉన్న నమ్మకాన్ని వివరించనక్కరలేదు. ఆ బిడ్డను తాను చూడకపోవచ్చునన్న ఎరుక ఆ మాటల్లో దాగి ఉందని అనిపించక మానదు. అయినా ఆ ఉత్తరంలో ఎక్కడా తన మీద తనకు జాలి లేదు.

జూన్ 28 రాత్రి దాడికి ఎంచుకున్న లక్ష్యం ద్రాస్ ప్రాంతంలోనే ఉన్న నోల్ అనే గుట్ట. దానికి ఆనుకొని లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని సైన్యం పిలుచుకున్న శిఖరాలు ఉన్నాయి. నోల్ దక్కితే తప్ప మిగతావి దక్కవు. ఆ రాత్రి పున్నమి. 1999లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి నిజ జ్యేష్ఠ పౌర్ణమి, అంటే తెలుగు పల్లెల్లో ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి, నాగలికి పూజచేసి, దుక్కి మొదలుపెట్టే ఏరువాక పున్నమి జూన్ 28నే పడింది. రైతులు పండుగలా చూసుకునే ఆ వెన్నెలే కొండ ఎక్కే జవాన్లకు శత్రువైంది. చీకటి మాటున కదలవలసినవారు పైవారి కళ్లకు కనిపిస్తూ కదలవలసి వచ్చింది.

దాడి ఎలా సాగిందో చెప్పే ముందు సైన్యపు అమరిక గురించి రెండు మాటలు అవసరం. సుమారు ఎనిమిది వందల మంది ఉండే పదాతి దళ విభాగాన్ని బెటాలియన్ అంటారు. అందులో నూటికి పైగా మంది ఉండే భాగం కంపెనీ. దానికి మేజర్ హోదా గల అధికారి నాయకుడు. కంపెనీలో ముప్ఫై మందికి పైచిలుకు ఉండే మూడు ప్లటూన్లు ఉంటాయి. దాడి సమయంలో వాటిలో ఒకదాన్ని వెనుక అట్టేపెడతారు. ముందువారు ఆగిపోయినా, చెదిరిపోయినా ఆదుకోవడానికి ఉంచే ఈ ప్లటూన్‌ను రిజర్వు అంటారు. కంపెనీ నాయకుడు సాధారణంగా మొత్తం పోరును గమనిస్తూ ఆదేశాలిచ్చే చోట ఉంటారు. అందరికంటే ముందు పరుగెత్తడం ఆయన పని కాదు.

ఆ రాత్రి నోల్ మీద ఆ సాధారణ పద్ధతి పనిచేయలేదు. లక్ష్యం చుట్టూ మందుపాతరలు ఉన్నాయి, మెషీన్‌గన్లు వాలు మొత్తాన్నీ ఊడ్చేసేలా అమర్చి ఉన్నాయి. దాడి మొదలైన కాసేపటికే శత్రువు ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ మీద పడి, ఎంతోమంది నేలకొరిగారు. అక్కడితో దాడి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు పద్మపాణి వెనుక ఉన్న రిజర్వు ప్లటూన్‌ను తానే వెంటబెట్టుకొని, గుండ్లు పడుతున్న నేల మీదుగా ముందుకు నడిపించారు. పక్కన జవాన్లు పడిపోతున్నా మిగతావారిని ఉత్సాహపరుస్తూ నిటారైన రాతి వాలు ఎక్కి, శత్రువు బంకర్ దగ్గరికి పాకుతూ చేరి, లోపలికి గ్రెనేడ్లు విసిరారు. ఆ ప్రయత్నంలోనే ఆయనకు తీవ్రమైన గాయాలయ్యాయి. కదలలేని స్థితిలో పడిపోయిన ఆయన, తనను అక్కడే వదిలి ముందుకు వెళ్లి శత్రువు మీద పడమని తన జవాన్లను ఆజ్ఞాపించి, తాను పడి ఉన్న చోటి నుంచే కాల్పులు కొనసాగించారు. జవాన్లు ఆ ఆజ్ఞను పాటించారు. స్థావరం చేజిక్కింది. ఆయన గాయాలతో అక్కడే కన్నుమూశారు.

ఆ ఆజ్ఞను త్యాగంగా మాత్రమే చూడడం ఆయన చేసిన పనిని తక్కువ చేయడమే అవుతుంది. అది త్యాగమే, అయితే అంతకు ముందు అది ఒక నాయకుడు ఆ స్థితిలో తీసుకోగల సరైన నిర్ణయం. ఎదురుకాల్పుల్లో ఒక మనిషి పడిపోయినప్పుడు అతన్ని ఎత్తడానికి ఇద్దరు ఆగితే, ఆ ఇద్దరూ కదలని గురి అవుతారు. ఒక గాయం మూడు గాయాలవుతుంది, దాడి చేసే బలం ముగ్గురి మేరకు తగ్గుతుంది. శత్రువు మెషీన్‌గన్ మోగుతున్నంతసేపు గాయపడినవారిని కిందికి దింపడం కూడా సాధ్యం కాదు. అంటే ఆ మెషీన్‌గన్ నోరు మూయించడమే గాయపడిన వారందరికీ జరగగల మొదటి చికిత్స. అందుకే దాడి చేసే దళం గాయపడినవారి దగ్గర ఆగకుండా సాగిపోవాలనీ, వారిని చూసుకోవడం వెనుక వచ్చే స్ట్రెచర్ బృందాల పని అనీ సైన్యాలు శిక్షణలోనే నేర్పుతాయి. నేర్చుకున్నది ఎంతైనా, రోజూ తమతో తిరిగిన మేజర్ నెత్తురోడుతూ పడి ఉంటే వదిలి వెళ్లడానికి ఏ జవానుకైనా కాళ్లు రావు. వారికి ఆ సంకోచం లేకుండా చేసింది ఆయన నోటి మాటే. గాయానికీ మరణానికీ నడుమ తనకు మిగిలిన వ్యవధిని పద్మపాణి ఇలా వాడుకున్నారు.

ఆ వ్యవధి ఎంత ఉంటుంది, దేనిమీద ఆధారపడి ఉంటుంది అన్నది వైద్యశాస్త్రం బాగా పరిశీలించిన విషయమే. వయోజనుడి ఒంట్లో ఇంచుమించు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో నలభై శాతం, అంటే సుమారు రెండు లీటర్లు పోతే ప్రాణం నిలవడం కష్టం. తొడలోని ప్రధాన ధమని తెగితే ఆ రెండు లీటర్లు పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. అదే తూటా ఆ ధమనికి అంగుళం పక్కనుంచి పోతే మనిషి గంటల తరబడి బతికి ఉండవచ్చు. నోల్ పోరు జరిగిన వారంలోపే, జులై 3, 4 తేదీల నడుమ రాత్రి టైగర్ హిల్ మీద 18వ గ్రెనేడియర్స్‌కు చెందిన 19 ఏళ్ల యోగేంద్ర సింగ్ యాదవ్ ఒంట్లోకి ఎన్నో తూటాలు దిగినా బతికి, కొండ దిగి వచ్చి సమాచారం అందించి, పరమవీర చక్ర అందుకున్నారు. ఇద్దరి ధైర్యంలోనూ తేడా లేదు. ఎవరు బతుకుతారన్నది చాలాసార్లు తూటా పోయిన దారి తేల్చేస్తుంది.

రక్తం పోవడానికి చలి తోడైతే పరిస్థితి మరింత విషమిస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించి గాయాన్ని మూసే రసాయనిక చర్యలు శరీరం మామూలు వేడిలో ఉన్నప్పుడే సరిగా సాగుతాయి. ఒళ్లు చల్లబడితే అవి మందగించి నెత్తురు ఆగదు. నెత్తురు తగ్గినకొద్దీ కణాలకు ప్రాణవాయువు అందక ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లం వల్ల రక్తం గడ్డకట్టే శక్తి ఇంకా తగ్గుతుంది. చలి, ఆమ్లం, గడ్డకట్టని రక్తం అనే ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే స్థితిని వైద్యులు ప్రాణాంతక త్రయం అంటారు. పదహారు వేల అడుగుల ఎత్తున గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న మనిషే అక్కడ పది అడుగులు వేసి ఆయాసపడతాడు. జూన్ 28 రాత్రి నోల్ పరిసరాల్లో జరిగిన పోరులో ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన నాగాలాండ్ యువకుడు కెప్టెన్ నైకెఝకువో కెంగురూసే, నిట్టనిలువు రాతి మీద బూట్లు జారుతుంటే ఆ గడ్డకట్టే చలిలో వాటిని విడిచి వట్టి కాళ్లతో ఎక్కారు. ఆయన తోటి అధికారి, 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ నోల్ మీద కన్నుమూశారు.

చలి గాయాన్ని ఎలా మరణంగా మారుస్తుందో చెప్పే మరో ఘట్టం తెలుగువారికి ఇంకా పచ్చిగానే ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సహా 20 మంది భారత సైనికులు చనిపోయారు. ముగ్గురు మరణించారని మొదట ప్రకటించిన సైన్యం, తీవ్రంగా గాయపడి ఆ ఎత్తైన ప్రదేశంలో సున్నా డిగ్రీల కంటే తక్కువ చలికి గురైన మరో 17 మంది కూడా ప్రాణాలు విడిచారని ఆ తర్వాతి ప్రకటనలో తెలిపింది. పోరులో ఒక్క తూటా కూడా పేలలేదు. ఆ 17 మందినీ బలిగొన్నది గాయమూ చలీ కలిసే.

యుద్ధంలో గాయపడినవాడిని కాపాడడానికి సైన్యంలో మెట్లు మెట్లుగా ఒక ఏర్పాటు ఉంది. మొదటి మెట్టు ఆ జవాను జేబులోనే ఉంటుంది. శుభ్రమైన దూదిమెత్త, కట్టు కలిసిన చిన్న పొట్లాన్ని ఫీల్డ్ డ్రెస్సింగ్ అంటారు. దానిని గాయం మీద అదిమి కట్టుకోవడం, చేయికో కాలికో నెత్తురు ధారగా పోతుంటే గాయానికి పైన టూర్నికే అనే పట్టీ బిగించి ప్రవాహాన్ని ఆపడం ప్రతి జవానుకూ నేర్పుతారు. పొట్టకో ఛాతీకో తగిలిన గాయానికి ఈ పట్టీ పనికిరాదు, అక్కడ శస్త్రచికిత్సే దిక్కు. రెండో మెట్టు బెటాలియన్‌తో పాటు ఉండే డాక్టరు నడిపే రెజిమెంటల్ ఎయిడ్ పోస్టు. అది ఒక్కోసారి బండరాయి చాటున వేసిన గుడారం మాత్రమే. దాని వెనుక ఫీల్డ్ అంబులెన్స్ ఉంటుంది. పేరు విని వాహనం అనుకోవచ్చు గానీ, అది డాక్టర్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, స్ట్రెచర్లు మోసేవారు, వాహనాలు అన్నీ కలిసిన ఒక వైద్య దళం. ఇంకా వెనుక శస్త్రచికిత్స కేంద్రాలు, శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్, చివరకు ఢిల్లీలోని పెద్ద సైనిక ఆసుపత్రి.

కాగితం మీద ఈ గొలుసు చక్కగానే కనిపిస్తుంది. తెగేది మొదటి రెండు కొక్కేల నడుమే. రోడ్డు లేని ఊళ్లలో రోగిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుపోయిన రోజులు గుర్తున్నవారికి ఈ కష్టం కొంత ఊహకు అందుతుంది. కొండ మీద అదే మోత నిటారు వాలున, రాత్రివేళ, గుండ్లు పడుతుండగా, ఊపిరి అందని గాలిలో గంటల కొద్దీ సాగాలి. గాయపడిన తొలి గంటలోపు శస్త్రచికిత్స అందితే బతికే అవకాశాలు పెరుగుతాయని చెప్పే గోల్డెన్ అవర్ సూత్రం నోల్ వంటి చోట ఆచరణకు అందదు. 2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో మరణించిన అమెరికా సైనికుల వివరాలను పరిశీలించిన వైద్యులు, వారిలో దాదాపు 87 శాతం మంది ఆసుపత్రికి చేరకముందే చనిపోయారనీ, అలా చనిపోయినవారిలో సుమారు నాలుగోవంతు మందిని కాపాడే అవకాశం ఉండేదనీ, అటువంటి మరణాలకు తొంభై శాతం మేర కారణం రక్తస్రావమేననీ తేల్చారు. హెలికాప్టర్లకు కొరత లేని సైన్యం సంగతే అది. మన దేశంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2019లో యుద్ధ గాయాల కోసం ప్రకటించిన మందుల్లో మైనస్ 18 డిగ్రీల దాకా గడ్డకట్టని సెలైన్ కూడా ఉంది. మామూలు సెలైన్ సీసా ఆ కొండల మీద మంచుగడ్డ అయిపోతుందన్నది గుర్తుచేసుకుంటే ఆ చిన్న మందు విలువ తెలుస్తుంది.

గాయపడిన శత్రు సైనికుడి విషయంలోనూ ధర్మం ఉంది. 1859లో ఇటలీలోని సోల్ఫరీనో యుద్ధరంగంలో దిక్కులేక పడి ఉన్న వేలాది క్షతగాత్రులను చూసి చలించిన స్విట్జర్లాండ్ వ్యాపారి ఆన్రీ దునాన్ చొరవతో రెడ్‌క్రాస్, 1864 నాటి మొదటి జెనీవా ఒప్పందం పుట్టాయి. ఇప్పుడు అమల్లో ఉన్న 1949 నాటి ఒప్పందం ప్రకారం గాయపడి ఆయుధం వదిలినవాడు ఏ దేశం వాడైనా చికిత్సకు అర్హుడు. పోరు ముగిశాక క్షతగాత్రులను వెతికి తీసుకురావడం ఇరుపక్షాల బాధ్యత. భారతదేశం ఆ ఒప్పందాన్ని 1960లో చట్టంగా చేసుకుంది. కార్గిల్‌లో పాకిస్తాన్ తమవారని ఒప్పుకోని మృతదేహాలను కూడా మన సైన్యం వారి మతాచారం ప్రకారం ఖననం చేసింది. యుద్ధం నడుమ నిలుపుకున్న ఆ మర్యాద గెలిచిన శిఖరాల కంటే తక్కువది కాదు.

పద్మపాణి మరణించిన తర్వాత పుట్టిన కూతురికి అపరాజిత అని పేరు పెట్టారు. 2003లో జె.పి.దత్తా తీసిన ఎల్ఓసీ కార్గిల్ అనే హిందీ సినిమాలో పద్మపాణి పాత్రను అక్కినేని నాగార్జున ధరించడంతో, ఆయన పేరు అప్పటిదాకా వినని తెలుగు ప్రేక్షకులకూ తెలిసింది. యుద్ధంలో ప్రాణం కోల్పోయిన సైనికుడి కుటుంబానికి అతను చివరగా తీసుకున్న జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. తూటా తగిలిన క్షణంలో పోయినా, ఆసుపత్రిలో ఆ గాయంతోనే పోయినా ఈ హక్కులో తేడా ఉండదు. డోంగ్లి వంటి మారుమూల మండలాల కుటుంబాలకు ఇటువంటి వ్యవహారాల్లో దారి చూపవలసింది సైనిక సంక్షేమ కార్యాలయం. చదువు అంతగా లేని తల్లిదండ్రులు, ఇరవై ఏళ్లు దాటీ దాటని భార్య కాగితాలు పట్టుకొని తిరిగే పరిస్థితి రానివ్వకపోవడం గ్రామ పంచాయతీ మొదలుకొని అందరి పూచీ.

ఇక గాయంతో బతికి బయటపడినవారు. శత్రువు వల్ల గాయపడినవారికి సైన్యం పరాక్రమ్ పదక్ అనే పతకం ఇస్తుంది, వైకల్యం మిగిలితే యుద్ధ గాయ పెన్షన్ ఇస్తుంది. కాలో చెయ్యో పోయినవారికి కృత్రిమ అవయవాలు అమర్చే సైనిక కేంద్రం 1944 నుంచి పుణెలో ఉంది. అంగవైకల్యం పొందిన జవాన్లకు బతుకుతెరువు నేర్పే, 1917లో మొదలైన క్వీన్ మేరీ సంస్థ, వెన్నెముక దెబ్బతిని కాళ్లు పడిపోయినవారిని చూసుకునే, 1974లో మొదలైన పునరావాస కేంద్రం ఆ నగరంలోని ఖడ్కీలో పనిచేస్తున్నాయి. సరిహద్దు దాటితే మహారాష్ట్రే అయిన డోంగ్లి ప్రాంతపు మాజీ సైనికులకు ఈ కేంద్రాలు అందని దూరంలో లేవు.

అలా గాయంతో బతికినవారిలో ఒకరైన, మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో చేరి, కుస్తీ, బాక్సింగ్ పోటీల్లో రాణిస్తున్న కాలంలో 1965 యుద్ధం వచ్చింది. తూటాలు వెన్నును తాకి నడుము కింది భాగం చచ్చుబడింది. నడవలేని ఆ యువకుడు చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టి, 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో పూర్తిచేసి, ప్రపంచ రికార్డుతో భారతదేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. దేశం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2018లో, ఆ గెలుపు తర్వాత 46 ఏళ్లకు.